నిశ్శబ్దానికి గట్టిమేళం

వంతెన సగానికొచ్చాక రైలు ఆగిపోయింది. ఆగాలనుకుంటే దీనికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అని తౌనోకి ఒళ్ళు మండింది, ఎందుకంటే కొవ్వూరులో ఎక్కిన దగ్గర్నుంచీ అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు, గోదావరి దాటేటప్పుడల్లా ఇదే వరస, కిటికీ పక్కన చోటున్నా ఇవతలి చివరే కూర్చుంటాడు, చక్రాల చప్పుడు వింటూ ఉంటాడు, ఇనప దూలాల మధ్య ఆ చప్పుడు గుండ్రంగా తిరిగి తిరిగి, ఒక్కసారిగా విప్పుకుని నేల మీది మామూలు చప్పుడైపోయిందంటే రాజమండ్రి ఒడ్డు వచ్చేసినట్టే, అప్పుడు కళ్ళు తెరుస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గురి తప్పలేదు. చెవుల విషయంలో తౌనో కివిరాంతకి తన మీద తనకి గొప్ప నమ్మకం, అది ఉత్త నమ్మకమేం కాదు కూడా, ఫిన్లండులో పుట్టి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కృతులు రాసి, బెర్లినులోనూ టోక్యోలోనూ పెద్ద పెద్ద వాద్యబృందాల చేత వాయింపించుకుని, అరవై దగ్గరపడుతుండగా కొవ్వూరు అల్లుడై కూర్చున్న మనిషి. ఇంకో గంటలో అవతలి ఒడ్డున అతని కొత్త కృతి మొదటి కచేరీ. రోడ్డు వంతెన మీద లారీ ఏదో చెడిపోయి కార్లన్నీ బారులు తీరాయని బావమరిది రాజేంద్ర ఫోను చేసి చెప్పబట్టి ఈ పాసింజరెక్కాడు. ఇప్పుడు చక్రాల చప్పుడు లేదు. కింద నీళ్ళున్నాయి, పైన తనున్నాడు, మధ్యలో ఏమీ లేదు, నిశ్శబ్దం సంగతి ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడని పేరుమోసిన పెద్దమనిషికి ఆ నిశ్శబ్దం అరక్షణం కూడా భరించబుద్ధి కాలేదు.

"ప్లాట్‌ఫారం ఖాళీ ఉండదండి ఈ టైముకి. ఇక్కడే నిలబెట్టేస్తారండి," అంది ఎదురు సీట్లో ఆవిడ, అతను అడక్కపోయినా.

అలాగాండి అన్నాడు కళ్ళు తెరవకుండానే. ఆవిడ ఒళ్ళో పనసపొట్టు సంచీ ఉన్నట్టుంది, ఆ పచ్చి వాసన ముక్కుకి తగులుతోంది, పనసపొట్టంటే ఆవ పెట్టాలి, ఆవ పెట్టకపోతే అది కూరే కాదు అని అత్తగారు సంపూర్ణమ్మ ఖరాఖండీగా చెబుతుంది, మొదటిసారి ఆ వంటింటి గుమ్మంలో నిలబడి, రోట్లో నూరుతున్న ఆవ ఘాటుకి ఇల్లదిరేలా తుమ్మాడు తౌనో, అప్పటికే యాభై దాటాయి, జుట్టంతా తెల్లగా ఉంది, ఆవిడ మాత్రం పసివాణ్ణి అన్నట్టే "చిరంజీవ" అని దీవించి, బయటికి బయల్దేరినవాణ్ణి వెనక్కి పిలిచి, కుర్చీలో కూలేసి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించి గానీ గడప దాటనివ్వలేదు. ఒంటి తుమ్ము తుమ్మి బయల్దేరితే వెళ్ళిన పని చెడుతుందట. అతనికి నవ్వొచ్చింది, కాస్త ముచ్చటగానూ అనిపించింది, వాళ్ళ దేశంలో ఎవరైనా తుమ్మితే పక్కవాళ్ళు ఆరోగ్యం అని ఓ మాట అనేసి ఊరుకుంటారు, పనులు మానుకుని తుమ్ముకి ఎదురు నిలబడరు. ఇక్కడ నిలబడతారని, రెండు చేతులతో సహా నిలబడతారని, ఈ పొద్దున్న తెలిసొచ్చింది. తెలిసొచ్చిన దగ్గర్నుంచీ తౌనో మనసు మనసులో లేదు.

పొద్దున్న రాజమండ్రి హాల్లో ఆఖరి రిహార్సలు. చెన్నై నుంచి వచ్చిన తీగవాద్యాల వాళ్ళు, ఊళ్ళో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, ముందు వరసలో వయొలిన్‌తో భార్య కన్యక, ఒక పక్కన సన్నాయి, దాని పక్కన పెద్దాపురం భీమరాజు డోలు. కృతి అడుగు నుంచి మొదలవుతుంది, చెల్లోలనే బొంగురు గొంతు పెద్ద వయొలిన్లు నేల మీద పాకినట్టు వస్తాయి, సన్నాయి లేస్తుంది, డోలు అందుకుంటుంది, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైపైకి పోయి, ఇంక పోవడానికి చోటు లేదన్న చోట ఒక్కసారిగా ఆగిపోతాయి. అక్కడ నిశ్శబ్దం. చాలాసేపు. జనం ఊపిరి బిగబట్టి, తరవాత ఇబ్బందిపడి, ఆ తరవాత ఇబ్బంది సంగతి కూడా మర్చిపోయేంత సేపు. అప్పుడు కన్యక వయొలిన్ ఒక్కటే సన్నగా మొదలవుతుంది. ఆ నిశ్శబ్దం కోసమే మిగతాదంతా రాశాడు, అది అతని ఆస్తి, అతని సంతకం, అందులో పిసరంత కూడా ఎవరికీ వదులుకునే రకం కాదు. పొద్దున్న అది కుదిరింది, ఎంత బాగా కుదిరిందంటే బయట కొబ్బరిమట్ట మీంచి కాకి ఎగిరిన చప్పుడు కూడా వినపడింది, సరిగ్గా అప్పుడు రెండో వరసలో పూజిత అనే పిల్ల, పాత తెరల దుమ్ము ముక్కులోకి పోయిందో ఏమో, హాచ్చి అంది. ఆ పిల్ల నోరు మూసుకునేలోపే డోలు పేలింది. ఒక దెబ్బా రెండు దెబ్బలా, పెళ్ళిపందిట్లో ముహూర్తానికి వాయించే గట్టిమేళం, రెండు చేతులా, కళ్ళు మూసుకుని, సన్నాయాయన కూడా వెనకా ముందూ చూడకుండా అందుకున్నాడు, కాసేపు ఆ హాల్లో ఎవరి పెళ్ళో జరిగిపోయింది. తరవాత పిల్లలు నవ్వారు. చెన్నై వాళ్ళు నవ్వారు. కన్యక కూడా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వనివాళ్ళు ఇద్దరే, తౌనో, భీమరాజు.

"ఏంటండి భీమరాజుగారూ ఇది?"

"తప్పైపోయిందండి," అన్నాడు భీమరాజు లేచి నిలబడి. "చిన్నప్పట్నించీ పెళ్ళిళ్ళు వాయించిన చేతులండి. తుమ్ము వినపడితే నన్నడగవండి. మంచి పని జరుగుతుంటే దానికి తగలకూడదని లేచిపోతాయండి."

"సాయంత్రం హాలు నిండా జనం ఉంటారు. ఎవరో ఒకరు తుమ్ముతారు. అప్పుడేంటండి?"

భీమరాజు ఆలోచించాడు. అబద్ధమాడితే సరిపోయేది, ఆడలేదు. "మళ్ళీ లేస్తాయేమోనండి."

"అయితే సాయంత్రం డోలు వద్దండి," అని తౌనో వాద్యబృందాన్ని నడిపించే చేతికర్ర స్టాండు మీద పెట్టేసి, కన్యక మొహం చూడకుండా, తిన్నగా కొవ్వూరు వచ్చేశాడు.

వచ్చేస్తే తప్పేముంది. నలభై ఏళ్ళుగా రాస్తున్నవాడికి తన కృతిలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో తెలీదా. డోలు లేకపోయినా నిలబడుతుంది, ఆ చోట్లన్నీ చెల్లోలకి సర్దేసి మధ్యాహ్నమే ఫోన్లో పంపించాడు కూడా, పని వచ్చినవాడికి అదెంతసేపు. సంగీతం చప్పుడుతో నేర్చుకున్నవాళ్ళు ఊరికి వందమంది ఉంటారు, చప్పుడు లేకుండా నేర్చుకున్నవాడు తనొక్కడే. వాళ్ళ ఊరు సరస్సు ఒడ్డున, చలికాలం వస్తే ఆ సరస్సు గడ్డకట్టి ఊరికి రోడ్డైపోయేది, నాన్న కోతమిల్లులో పనిచేసేవాడు, చర్చిలో ముసలి టీచరు ఒకావిడ ఆదివారాలు హార్మోనియం నేర్పేది, ఇంటికొస్తే మాత్రం సాధన చేసుకోవడానికి లేదు, చప్పుడంటే అమ్మ భరించలేదు, అందుకని నాన్న మిల్లు నుంచి ఓ చెక్క తెచ్చి, నున్నగా చిత్రిక పట్టి, దాని మీద హార్మోనియం మెట్లు తెల్లవీ నల్లవీ ఇంటి కప్పుకి వేసే రంగుతో గీసిచ్చాడు. పిల్లవాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎడతెగకుండా వేళ్ళాడించేవాడు. ఒక్క మెట్టూ పలికేది కాదు, తనకి అన్నీ వినపడేవి, తప్పు వేలు పడితే ఆ తప్పు కూడా వినపడేది, నాన్న ఎదురుగా కూర్చుని ఆ వేళ్ళనే చూస్తూ, బాగా వాయించావన్నట్టు తలాడించేవాడు. ఆ ఇల్లు మొదట్నుంచీ అలాంటిది కాదు. అమ్మ రొట్టెల పిండి పిసుకుతూ పాడేది, గోడ మీద రేడియో పాడేది, చెల్లెలు బల్ల కింద దూరి ఆ రెండింటికంటే గట్టిగా పాడేది, అయిదేళ్ళ పిల్లకి అంత గొంతెక్కడిదా అని మిల్లు వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇక్కడిదాకా వచ్చేసరికి తౌనో ఆలోచన ఎప్పుడూ పక్కకి తప్పుకుంటుంది, ఇప్పుడు కూడా తప్పుకుని తిన్నగా హెల్సింకి వెళ్ళిపోయింది.

హెల్సింకిలో చదువు, అక్కడి గురువు సన్నటి పెదాల మనిషి, స్వరాలని లెక్కల మాస్టారిలా వరసలు కట్టించేవాడు, తన వంతు రాకుండా ఏ స్వరమూ రెండోసారి తల ఎత్తడానికి వీల్లేదు, తౌనో కూడా బుద్ధిమంతుడిలా అలాగే కట్టాడు, నాలుగు తీగవాద్యాలకి రాసిన ఆ మొదటి కృతి వాయిస్తుంటే జనం ఒక్కొక్కళ్ళే కోట్లు తగిలించుకుని వెళ్ళిపోయారు, గురువు మాత్రం శభాష్ అన్నాడు. ఆ శభాష్ విన్నాక భయమేసి, వరసలన్నీ చింపి పోగులు పెట్టి, ఒళ్ళో ఆ చెక్క పెట్టుకున్నప్పుడు ఏం వినపడేదో అదే రాశాడు, పెద్ద సింఫనీ, మధ్యలో అన్నీ ఆగిపోయి నిశ్శబ్దం. అది వాయించిన సాయంత్రం హాల్లో ఎవరూ కదల్లేదు. మర్నాడు పేపర్లన్నిట్లోనూ ఒకటే మాట, ఇది మన అడవుల మౌనం, మన మంచు మౌనం అని. తౌనో కాదనలేదు, పేరొస్తున్నప్పుడు ఎవరు కాదంటారు. కృతి కృతికీ నిశ్శబ్దం పెరుగుతూ పోయింది, బహుమతులూ పెరుగుతూ పోయాయి, చివరికి ఓ విమర్శకుడు కివిరాంతగారి రాబోయే సింఫనీలో తెల్లకాయితాలే ఉంటాయట అని వెక్కిరించాడు, వాడి నోటి చలవ, నిజంగానే కాయితాలు ఏళ్ళ తరబడి తెల్లగా ఉండిపోయాయి. పొద్దున్నే బల్ల ముందు కూర్చునేవాడు, పెన్సిలు చెక్కేవాడు, మళ్ళీ చెక్కేవాడు. అలాంటి రోజుల్లో ఎవరో పిలిస్తే, చలికైనా తప్పించుకోవచ్చని, డిసెంబరు కచేరీలకి చెన్నై వచ్చాడు.

అక్కడ కన్యక వయొలిన్ విన్నాడు. కొవ్వూరు పప్పుల వ్యాపారం వాళ్ళ ఆడపడుచు, ఎవరైనా పెళ్ళి మాటెత్తితే ముందు వాయిద్యం తరవాత చూద్దాం అని నలభై దాటించిన మనిషి, అతను తన కృతి ఒకటి వినిపిస్తే మర్యాదగా ఆఖరిదాకా విని, "బావుందండి. కానీ మీ స్వరాలన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టున్నాయండి, ఒక్కటీ నలగలేదు" అంది. కోపం రావలసిన మాటకి నవ్వొచ్చింది, ఆ నవ్వు పెళ్ళిదాకా వెళ్ళింది. కొట్లో కందిపప్పు బస్తా మీద కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు, వచ్చిన బేరగాళ్ళందరినీ అండి అండి అంటూ కొట్టు ముందు పడుకునే కుక్కని కూడా పక్కకి జరగండి అంటే వీధంతా నవ్వింది. కన్యక దగ్గర గమకం నేర్చుకున్నాడు, స్వరం అంటే ఒకచోట పాతిన గుంజ కాదని, మన వీధిలో మనిషి నడుస్తూ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి బావున్నారా అన్నట్టు, పక్క స్వరాన్ని పలకరించి గానీ వెళ్ళదని తెలిశాక, తెల్లకాయితాల మీద మళ్ళీ చుక్కలు పడ్డాయి. ఆ సంగతి తల్చుకుంటే తౌనోకి ఇప్పటికీ ఛాతీ వెడల్పవుతుంది, ఆ వయసులో మళ్ళీ అక్షరాలు దిద్దడానికి గుండె ఉండాలి, తనకి ఉంది.

భీమరాజుని మొదట చూసింది రాజేంద్ర కూతురు శ్రీదివ్య పెళ్ళిలో. జీలకర్ర బెల్లం పెట్టించే వేళకి పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అని కేకేశాడు, పక్కనే కూర్చున్న తౌనో కుర్చీలోంచి లేచిపోయాడు, పిడుగు పడ్డా అంత ఉలిక్కిపడేవాడు కాదు. ఎందుకండి ఇంత చప్పుడు అని కన్యక చెవిలో అరిచాడు. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, ఏదైనా పాడుమాట అన్నా ఆ పిల్లల చెవిన పడకూడదండి, అందుకని, అని ఆవిడ కూడా అరిచింది. సంగీతం వినడానికి కదా, వినపడకుండా చెయ్యడానికా అంటే రెండింటికీ అంది. మాట తమాషాగా తోచింది గానీ ఆ చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది, మర్నాడే పెద్దాపురం వెళ్ళి, మరిడమ్మ జాతరలో వాయించే ఆ చేతులు తన కృతికి కావాలని భీమరాజుని అడిగాడు. భీమరాజు అన్నీ ఒప్పుకున్నాడు, ఒక్కటే అడిగాడు, మధ్యలో ఊరుకోవాలంటున్నారు, ఎంతసేపు ఊరుకోవాలండి అని. నా చెయ్యి దిగేదాకా అన్నాడు తౌనో. ఊరుకోవడం మాకు అలవాటు లేదండి, నేర్చుకుంటాను అన్నాడాయన. నేర్చుకున్నాడు కూడా, రెండు నెలలు, డోలు మీద చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చునేవాడు, ఆ పిల్ల తుమ్మేదాకా.

జేబులో ఫోను మోగింది. కన్యక.

"ఎక్కడున్నారండి?"

"వంతెన మీద. ఆగిపోయింది."

"జనం వచ్చేస్తున్నారండి. భీమరాజుగారు ఇంకా ఇక్కడే ఉన్నారు. డోలుకి గుడ్డ కట్టేసుకుని వరండాలో మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి రండి, వినండి అంటే రానంటారు. లోపల ఎవరైనా తుమ్మితే ఉత్త చేతులైనా ఊరుకోవట, తలుపు బయట నుంచి వింటారట."

తౌనో ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నేను వాయించమంటే వాయిస్తారు, మానమంటే మానతారు. కృతి మీది. డోలు ఉన్నట్టా లేనట్టా, పిల్లలు అడుగుతున్నారండి."

"వచ్చి చెప్తా," అని పెట్టేశాడు. లేనట్టే అని అనేసి ఉండొచ్చు. నోటిదాకా వచ్చిన మాటే. తలుపు బయట నుంచి వింటాడట, ఒక మనిషిని తలుపు బయట కూర్చోబెట్టి లోపల నిశ్శబ్దం వాయించుకోవడం ఏం గొప్ప, అని ఎక్కడో గుచ్చుకుంది, వెంటనే, అయితే ఏం చెయ్యమంటావు, నలభై ఏళ్ళ పనిని తుమ్ముకి ఒప్పజెప్పమంటావా అని తనకి తనే జవాబు చెప్పుకున్నాడు. రైలు కదల్లేదు. ఫాను ఒకటి పైన కిర్రుమని తిరిగి మానేసింది.

"నీళ్ళంటే భయమాండి?" అంది ఎదురుగా ఆవిడ.

"లేదండి."

"మా ఆయనకీ లేదండి. ఆయన కూడా కళ్ళు మూసుకునే దాటతారండి," అని, అతని చేతిని పట్టుకున్నంత పని చేసి, చల్లటి రూపాయి బిళ్ళ ఒకటి అరచేతిలో పెట్టింది. "ఇదిగోండి, గోదారమ్మకి వెయ్యండి. ఎవరినన్నా తల్చుకుని వెయ్యండి. తేలిగ్గా ఉంటుందండి."

కాదనడానికి మర్యాద అడ్డొచ్చింది. కళ్ళు తెరిచాడు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, ఊచల్లోంచి కిందికి చూశాడు. నీళ్ళు. సాయంకాలపు ఎండ పడి, ఇసకమేటల పక్కనుంచి తాపీగా పోతున్న నీళ్ళు, ఎవరినీ ఏమీ చెయ్యనట్టు. బిళ్ళ విసిరితే అది ఇనప దూలానికి తగిలి ఖంగుమంది, ఎంత స్వచ్ఛమైన స్వరం, గాంధారం, దూలాల మధ్య సాగి సాగి పోయింది, ఒక్క చిన్న చప్పుడుతో అంత పెద్ద నిశ్శబ్దం మనుషులుండే చోటైపోయింది. ఎవరినన్నా తల్చుకోవాలి. తల్చుకోవడమంటే పేరు తల్చుకోవాలి. అప్పుడు తెలిసింది తౌనోకి, నోటితోనే కాదు, లోపల కూడా, ఇన్నేళ్ళుగా తను ఆ పిల్లని చెల్లెలు అనే అనుకుంటున్నాడు, పేరు దాకా వెళ్ళడం లేదు, పేరు దగ్గరికి రాగానే హెల్సింకి వెళ్ళిపోతున్నాడు, లేకపోతే బెర్లిను వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడు వంతెన మధ్య ఎక్కడికీ పోవడానికి లేదు.

ఏప్రిల్ ఎండకి సరస్సు మీద మంచు పలచబడే రోజులు. తొమ్మిదేళ్ళ తౌనో బడి నుంచి ఇంటికొచ్చాడు. అమ్మ పిండిలో చేతులు పెట్టి నిలబడి ఉంది, పిసకడం లేదు, వేళ్ళ మీద పిండి ఎండిపోయి బీటలు తీసింది, నాన్న పట్టపగలు మిల్లు నుంచి వచ్చేసి టోపీ కూడా తియ్యకుండా కూర్చున్నాడు, రేడియో ఆపేసి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అతనూ అడగలేదు, ఆ గదిలో ఎవరైనా ఏ చప్పుడు చేసినా ఏదో విరిగిపోతుందని పిల్లవాడికి కూడా తెలిసింది. మర్నాడు రోడ్డు మీద పక్కింటావిడ జాలిపడబోతే తెలిసింది, మంచు విరిగి చెల్లెలు సరస్సులో పోయిందని. ఆ సాయంత్రానికి చెల్లెలి కుర్చీ అటకెక్కింది. ఆ పేరు ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ పలకలేదు, అమ్మ పోయేదాకా, నాన్న పోయేదాకా. వాళ్ళని తప్పుపట్టలేడు, వాళ్ళకి చేతనైంది అదే, చెక్క మీద మెట్లు గీసిచ్చిన నాన్నని ఏమనగలడు. కానీ అదండీ అడవుల మౌనం, అదండీ మంచు మౌనం, ఓ వంటింట్లో ముగ్గురు మనుషులు భయపడి బిగుసుకుపోయిన చప్పుడు అది, దాన్నే తౌనో మోసుకెళ్ళి ఊరూరా వినిపించాడు, దానికే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బాగా రాశాడు, అందులో అనుమానం లేదు, ఉన్నదున్నట్టు రాశాడు. కానీ అక్కడే ఉండిపోయాడు.

ఇక్కడేమో ఒక పిల్ల తుమ్మితే, దుమ్ముకి తుమ్మిన ఉత్తి తుమ్ముకి, ఒక మనిషి చేతులు అడగకుండా లేచి అడ్డం నిలబడ్డాయి, మంచి పనికి తగలకూడదని. ఆ రోజు ఆ వంటింట్లో అలాంటి చేతులు ఒక్క జత లేకపోయాయే అని తౌనోకి దుఃఖం పొంగుకొచ్చింది. ఎవరైనా ఒక గిన్నె కింద పడేసినా బావుండేది. ఎవరైనా పెద్దగా ఏడ్చినా బావుండేది. కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాడు, ఇంత పొడుగు మనిషి, రైలు పెట్టెలో నలుగురూ చూస్తుండగా, సిగ్గనిపించలేదు. ఆవిడ నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది, తాగాడు. ఏడుస్తూనే ఉన్నాడు, అయినా చెవులు ఊరుకుంటాయా, అవి వాటి పని అవి చేసుకుపోతున్నాయి, అన్నీ ఎక్కి ఎక్కి ఆగిపోయాక నిశ్శబ్దం, ఇదివరకటిలాగే, ఒక్క పిసరు తగ్గించడానికి వీల్లేదు, జనం ఇబ్బందిపడాలి, భయపడాలి, ఆ వంటింట్లో నిలబడాలి, నిలబడి ఇంక తట్టుకోలేని చోట డోలు, ఒంటరిగా, రెండు చేతులా, ఆ తరవాతే కన్యక వయొలిన్, అప్పుడు గానీ ఆ వయొలిన్ ఎందుకు మొదలవుతుందో ఎవరికీ అర్థం కాదు, ఇప్పటిదాకా తనకే అర్థం కాలేదు. కుదిరింది. మధ్యాహ్నం చెల్లోలకి పంపిన సర్దుబాట్లు తీసేస్తే చాలు, ఎక్కడా ఒక స్వరం కూడా మార్చక్కర్లేదు. కృతి ఇప్పటికి పూర్తయిందని, ఇంతకంటే బాగా ఎవరూ దాన్ని పూర్తి చెయ్యలేరని తౌనోకి రూఢిగా తెలిసింది, తెలిసేసరికి ముక్కు చీది, మొహం తుడుచుకుని, టైము చూసుకున్నాడు. రైలు కుదుపుతో కదిలింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, ఒడ్డు వచ్చేదాకా నీళ్ళనే చూశాడు.

ఆటోవాడిని తొందరపెట్టి హాలు దగ్గర దిగేసరికి వరండా నిండా చెప్పులున్నాయి, లోపల తీగలు శ్రుతి చేసుకుంటున్నారు. భీమరాజు మెట్ల మీద ఓ పక్కగా, దారికి అడ్డం లేకుండా కూర్చుని ఉన్నాడు, జరీ అంచు కండువా వేసుకుని, గుడ్డ కట్టిన డోలు పక్కన పెట్టుకుని. తౌనోని చూసి లేచాడు.

"గుడ్డ విప్పండి భీమరాజుగారూ."

"వద్దండి. ఎవరైనా తుమ్మారంటే మళ్ళీ మీ పని పాడైపోద్దండి. నేనిక్కడ బాగానే ఉన్నానండి."

"ఎవరూ తుమ్మకపోయినా వాయించండి. ఆ ఊరుకునే చోటే. నేను చెయ్యి దించుతాను, దించగానే మీరొక్కరే, గట్టిమేళం."

భీమరాజు తికమకపడ్డాడు. "తుమ్ము లేక, ముహూర్తమూ లేక, గట్టిమేళం ఏంటండి? ఎవరికండి?"

"మా చెల్లెలికండి," అన్నాడు తౌనో. "అయిదేళ్ళ పిల్లండి. మా ఊళ్ళో మంచు విరిగి సరస్సులో పోయిందండి, నా చిన్నప్పుడు. అప్పుడు మా ఇంట్లో ఎవరమూ ఏ చప్పుడూ చెయ్యలేదండి."

లోపల శ్రుతి ఆగింది. కన్యక గుమ్మంలోకి వచ్చి, ఇద్దర్నీ చూసి, అక్కడే నిలబడిపోయింది. పదేళ్ళ కాపురంలో ఆవిడ కూడా ఈ మాట వినడం ఇదే. భీమరాజు మళ్ళీ మెట్టు మీద కూర్చుని, డోలు ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ ముడి వెతుక్కున్నాడు.

"పాప పేరేంటండి?"

"హెల్మి," అన్నాడు తౌనో. అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది గొంతు, చెప్పులు విడుస్తున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"హెల్మమ్మ," అన్నాడు భీమరాజు, ఓసారి పలికి చూసుకుంటున్నట్టు. డోలు తాడు మెడలో వేసుకుని లేచాడు. "ఆయ్, అలాగేనండి. హెల్మమ్మకి వినపడేలా వాయిస్తానండి."